థ్రాసిల్: ఒక పిట్ట, ఒక యంత్రం, ఒకే పేరు

షేక్‌స్పియర్ 1590లలో రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో బాటమ్ అనే పాత్ర ఉంది. అతడిది నేతపని. తోటివాళ్లంతా పారిపోగా అడవిలో ఒంటరిగా మిగిలిన బాటమ్, తనకు భయం లేదని చాటుకోవడానికి గొంతెత్తి పాట అందుకుంటాడు. అందులో కొన్ని పిట్టల పేర్లు వస్తాయి. వాటిలో ఒకటి థ్రాసిల్. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ మాట మధ్యలో 'ట' ఉంటుంది కానీ పలకరు.

ఒక నేతగాడి నోట ఆ పిట్ట పేరు రావడం యాదృచ్ఛికమే. అయినా దాదాపు రెండు శతాబ్దాల తర్వాత ఇంగ్లాండులోని పత్తి మిల్లుల్లో ఒక యంత్రానికి అదే పేరు స్థిరపడింది. ఆ యంత్రం నూలు వడికేది, అది కూడా బాటమ్ లాంటి నేతగాళ్లకు పడుగు దారంగా పనికివచ్చే గట్టి నూలు. ఇంగ్లీషు నిఘంటువుల్లో నేటికీ థ్రాసిల్ అన్న పదానికి రెండు అర్థాలు కనిపిస్తాయి: పాడే పిట్ట, వడికే యంత్రం. యంత్రం చేసే చప్పుడు పిట్ట పాటలా ఉండటం వల్లే బహుశా ఆ పేరు వచ్చిందని అవి చెబుతాయి. ఇనుము, ఇత్తడి, తోలు కలిపి చేసిన యంత్రం పిట్టలా ఎలా పాడగలదు? ఆ పాటను రోజుకు పన్నెండు గంటలు విన్న చెవులు ఏమవుతాయి?

పిట్ట

థ్రాసిల్‌ను ఇప్పుడు ఎక్కువమంది సాంగ్ థ్రష్ అంటున్నారు. శాస్త్రీయ నామం టర్డస్ ఫిలోమెలోస్. మైనా కంటే కాస్త చిన్నది. వీపు గోధుమ రంగు, లేత పసుపు ఛాయ ఉన్న తెల్లటి రొమ్ము మీద ముదురు చుక్కలు. గూడు లోపలి గోడలను మట్టితో నున్నగా అలుకుతుంది. అందులో పెట్టే గుడ్లు నీలం రంగువి, వాటి మీద నల్లటి చుక్కలు. నత్త దొరికితే ముక్కుతో పట్టుకుని ఒక రాతి మీద బాది గుల్ల పగలగొడుతుంది. ఒకే రాతిని మళ్లీమళ్లీ వాడటం వల్ల దాని చుట్టూ గుల్ల పెంకులు కుప్పపడతాయి. ఇంగ్లాండు పల్లెల్లో ఆ కుప్పను చూసి పిట్ట ఎక్కడ తిరుగుతోందో చెప్పేవారు.

పాట విషయంలో దీనికి ఒక గుర్తు ఉంది. ఒక చిన్న పలుకును రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగుసార్లు అలాగే తిప్పి పలుకుతుంది. తర్వాత ఇంకో పలుకు అందుకుంటుంది. చెట్టు చిటారున కూర్చుని, చలికాలం చివర మొదలుపెట్టి వేసవి నడిమి దాకా, తెల్లవారుజామునా మునిమాపునా చాలాసేపు ఆపకుండా పాడుతుంది. ఆ పాటలో శక్తి చాలావరకు సెకనుకు రెండు వేల కంపనాలకు పైనున్న హెచ్చు స్థాయిలో ఉంటుంది. ఈ అంకెను గుర్తుంచుకోవాలి, వ్యాసం చివర దీనితో పని ఉంది.

ఈ పిట్ట మామూలుగా భారతదేశంలో కనిపించదు. దాని బంధువుల్లో కొన్ని ఇక్కడ ఉన్నాయి. నారింజ రంగు తల, రొమ్ము ఉండి నీడ పట్టున నేల మీద ఆకులు తిరగేస్తూ తిరిగే ఆరెంజ్ హెడెడ్ థ్రష్ వాటిలో ఒకటి. మంచి గాయనిగా పేరున్న పెద్ద నల్లంచిని కూడా ఒకప్పుడు థ్రష్ కుటుంబంలోనే చేర్చేవారు. ఇప్పుడు దాన్ని ఈగలు పట్టే పిట్టల కుటుంబానికి మార్చారు.

ఇక పేరు. థ్రాసిల్ అన్నది వెయ్యేళ్లు దాటిన పాత ఇంగ్లీషు మాట. జర్మన్ భాషలో ఇదే పిట్టజాతికి ఉన్న 'డ్రాసెల్' అన్న పేరు దీనికి దగ్గరి చుట్టం. గ్రంథస్థ ఇంగ్లీషులో థ్రష్ అన్న మాట పైచేయి సాధించినా, ఉత్తర ఇంగ్లాండు, మిడ్‌లాండ్స్ జనం నోట థ్రాసిల్ చాలాకాలం బతికింది. వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ ఫుట్‌బాల్ క్లబ్బు చిహ్నం మీద కొమ్మపై వాలిన పిట్ట ఇదే. పత్తి మిల్లులు ముందుగా వెలిసింది కూడా ఉత్తర ఇంగ్లాండు, మిడ్‌లాండ్స్ ప్రాంతాల్లోనే. యంత్రానికి ఆ పేరు పెట్టింది లండన్ పండితులు కాదు, ఆ పిట్టను ఆ పేరుతో పిలిచే ఊళ్లవాళ్లు.

రాట్నానికీ దీనికీ తేడా

యంత్రం పాట అర్థం కావాలంటే ముందు రాట్నం గుర్తు చేసుకోవాలి. రాట్నం మీద నూలు వడకడం రెండు విడతల పని. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతిలోని ఏకును వెనక్కి లాగితే కదురు మొన నుంచి దారం సాగుతుంది, అందులో పురి ఎక్కుతుంది. చేయి చాచినంత దారం వచ్చాక ఆగాలి. చక్రాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి, దారాన్ని కదురుకు అడ్డంగా తెచ్చి, అప్పటిదాకా వడికినది చుట్టాలి. మళ్లీ మొదలు. లాగడం, ఆగడం, చుట్టడం.

1760లలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ చేసిన స్పిన్నింగ్ జెన్నీ ఇదే పనిని ఒకేసారి ఎన్నో కదుళ్ల మీద చేసింది. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ తయారుచేసిన మ్యూల్ కూడా అంతే. కదుళ్లున్న బండి నాలుగైదు అడుగులు బయటికి వచ్చి దారం లాగి పురి పెడుతుంది, వెనక్కి వెళ్తూ చుట్టుకుంటుంది. మ్యూల్ అంటే కంచరగాడిద. రెండు వేర్వేరు యంత్రాల లక్షణాలు కలిసి పుట్టింది కనుక ఆ పేరు. జెన్నీ మాత్రం ఎవరి కూతురి పేరూ కాదు, ఇంజన్ అన్న మాటే జనం నోట నలిగి అలా అయిందన్నది నమ్మదగ్గ వివరణ.

థ్రాసిల్ దారి వేరు. దాని తాత రిచర్డ్ ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేమ్. ప్రెస్టన్‌లో 1732లో పుట్టిన ఆర్క్‌రైట్ క్షౌరవృత్తి చేస్తూ విగ్గుల వ్యాపారంలోకి వచ్చాడు. జాన్ కే అనే గడియారాల పనివాడి సాయంతో ఈ యంత్రాన్ని రూపొందించి 1769లో పేటెంటు తీసుకున్నాడు. 1771లో డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో నీటి చక్రంతో నడిచే మిల్లు మొదలుపెట్టాడు. రోలర్లతో దూదిని సాగదీయడం అతడి సొంత ఊహ కాదు. లూయిస్ పాల్ 1738లోనే దానికి పేటెంటు పొందాడు. ఆర్క్‌రైట్ పేటెంట్లు 1785లో కోర్టులో రద్దయ్యాయి. అయితే ఆ ఊహను లాభసాటిగా నడిచే మిల్లుగా మార్చిన ఘనత అతడిదే.

యంత్రం పని ఇలా ఉంటుంది. పైన, కొద్దిపాటి పురి పెట్టిన లావాటి దూది తాడు చుట్టిన బాబిన్లు ఉంటాయి. ఆ తాడు మూడు జతల రోలర్ల మధ్య నుంచి దిగుతుంది. మొదటి జత నెమ్మదిగా, రెండోది కాస్త వేగంగా, మూడోది ఇంకా వేగంగా తిరుగుతాయి. చివరి జత మొదటిదానికి ఆరు రెట్లు వేగంగా తిరిగితే తాడు ఆరు రెట్లు సాగి, ఆరో వంతు సన్నబడుతుంది. రాట్నం ముందు కూర్చున్న మనిషి వేళ్లు చేసే పని ఇది. కింద కదురు తలకాయన తిరగేసిన 'యు' ఆకారపు ఫ్లయర్ బిగించి ఉంటుంది. రోలర్ల నుంచి వచ్చిన దారం ఫ్లయర్ చేతి గుండా వెళ్లి, కదురు మీద వదులుగా తొడిగిన బాబిన్‌కు చేరుతుంది. కదురుతో పాటు ఫ్లయర్ తిరిగిన ప్రతి చుట్టూ దారానికి ఒక పురి. లాగడం, పురి పెట్టడం, చుట్టడం మూడూ ఒకేసారి, ఆగకుండా.

చుట్టడం ఎలా జరుగుతుందన్నది ఇందులో అన్నిటికంటే అందమైన భాగం. బాబిన్‌ను తిప్పే చక్రమేదీ లేదు. దారమే దాన్ని తన వెంట లాక్కుపోతుంది. బాబిన్ అడుగున ఉన్న గుడ్డ లేదా తోలు బిళ్ల రాపిడి వల్ల అది ఫ్లయర్ కంటే కాస్త వెనకబడుతుంది. ఎంత వెనకబడితే అంత దారం దాని మీద చుట్టుకుంటుంది. ఒక లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. చివరి రోలరు వ్యాసం 1 అంగుళం, నిమిషానికి 70 చుట్లు అనుకుంటే, అది నిమిషానికి సుమారు 220 అంగుళాల దారం వదులుతుంది. కదురు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే అంగుళానికి సుమారు 18 పురులు పడతాయి. ఖాళీ బాబిన్ చుట్టుకొలత 3 అంగుళాలైతే, 220 అంగుళాలు చుట్టుకోవడానికి అది నిమిషానికి 73 చుట్లు వెనకబడాలి. దారం చుట్టుకుని చుట్టుకొలత 5 అంగుళాలకు పెరిగాక 44 చుట్లు వెనకబడితే చాలు. ఈ మార్పును ఎవరూ సరిచేయనక్కర్లేదు. దారం బిగువుగా ఉంటే బాబిన్ వేగం పెరుగుతుంది, వదులైతే తగ్గుతుంది.

దారం బాబిన్‌ను లాగాలి కనుక దానికి బలం ఉండాలి. సన్నటి, మెత్తటి నూలు ఈ లాగుడుకు తెగిపోతుంది. అందుకే థ్రాసిల్ ముతక, మధ్యరకం నూలుకే పనికివచ్చేది. సన్న నూలు మ్యూల్ వంతు. అప్పటికీ ఇప్పటికీ నూలు సన్నదనాన్ని నంబర్లలో చెబుతారు. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్నో నంబరు. 20 నంబరు నూలు ఒక పౌను విప్పితే 16,800 గజాలు, 15 కిలోమీటర్లు దాటుతుంది.

వాటర్ ఫ్రేమ్‌లో కొన్ని కదుళ్లకు ఒక పళ్ల చక్రాల గుత్తి చొప్పున ఉండేవి. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఆ బరువైన అమరిక పోయి, యంత్రం పొడవునా ఒకే రేకు డ్రమ్ము, దాని నుంచి ఒక్కో కదురుకు ఒక నూలు పట్టీ వచ్చాయి. తేలిక, చవక, ఒకే చట్రంలో మరిన్ని కదుళ్లు. ఈ కొత్త రూపానికే థ్రాసిల్ అన్న పేరు నిలిచింది. ఆవిరి యంత్రాలు వచ్చాక కూడా ఆ నూలును కొందరు 'వాటర్ ట్విస్ట్' అనే పిలిచేవారు. నీళ్లు పోయాయి, పేరు మిగిలింది. జర్మన్ వాళ్లు థ్రాసిల్‌ను తమ పిట్ట పేరుతోనే 'డ్రాసెల్‌మషీన్' అని అనువదించుకున్నారు.

యంత్రం పాట

వస్తువుకు పిట్ట పేరు పెట్టడం తెలుగువాళ్లకూ కొత్త కాదు. గోడకు దిగేసే చిలక్కొయ్య అలా వచ్చిందే. అయితే అది రూపాన్ని బట్టి వచ్చిన పేరు. చప్పుడును బట్టి వచ్చే పేర్లు వేరే రకం. మోటారు సైకిల్‌ను ఫట్‌ఫటీ అనడం లాంటిది. థ్రాసిల్‌ది ఈ రెండో రకమని నిఘంటువుల మాట. దాన్ని భౌతికశాస్త్రం ఎంతవరకు బలపరుస్తుంది?

కదురు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే సెకనుకు సుమారు 67 చుట్లు. ఫ్లయర్‌కు రెండు చేతులు కనుక గాలిని సెకనుకు సుమారు 133 సార్లు కోస్తుంది. సంగీతం తెలిసినవారికి ఈ స్వరం పరిచయమే. మగ గాయకులు ఒకటి శ్రుతి పెట్టుకుంటే వారి ఆధార షడ్జమం సుమారు 131 దగ్గర ఉంటుంది. అంటే యంత్రపు మూలస్వరం తంబురా నాదం లాంటి గంభీరమైన హోరు. పిట్ట కూత దానికి నాలుగు స్థాయిల పైన ఉంటుంది. ఇక్కడితో ఆగితే పేరు తప్పనిపిస్తుంది.

కానీ మిల్లులో ఒక్క కదురు ఉండదు, వందలుంటాయి. నూలు పట్టీలు ఒక్కోటి ఒక్కోలా జారడం వల్ల అన్నిటి వేగమూ ఒకటి కాదు. ఒకటి 133 దగ్గర, పక్కది 135 దగ్గర మోగితే వాటి కలయికలో ధ్వని సెకనుకు రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. పాఠ్యపుస్తకాల్లో వీటినే విస్పందనాలు అంటారు. వందల కదుళ్ల విస్పందనాలు ఒకదానిపై ఒకటి పడితే హోరు నిలకడగా ఉండదు, అలలు అలలుగా వణుకుతుంది. దీనికి తోడు లోహపు మొనలు లోహపు గూళ్లలో తిరుగుతాయి. నూనె తగ్గినప్పుడు ఆ మొన పట్టి జారి, పట్టి జారి కీచుమంటుంది. ఈ కీచు స్థాయి చాలా హెచ్చు. నూనె లేని గిలక మీద చేద తోడేవారికి ఈ శబ్దం తెలుసు. పిట్ట గొంతు దగ్గరకు వచ్చేది ఈ కీచు, వణుకు కలిసిన పొర.

ఇంకో సంగతి ఉంది, దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. జెన్నీ, మ్యూల్ ఆగి ఆగి మోగుతాయి. వాటి పని అలాంటిది. థ్రాసిల్ పొద్దున మొదలుపెడితే బాబిన్ నిండేదాకా గొంతు ఆపదు, అదే పలుకును తిప్పి తిప్పి పలుకుతుంది. మ్యూల్ గది పక్కన పనిచేసి, తర్వాత థ్రాసిల్ గదిలో అడుగుపెట్టిన మనిషి చెవికి మొదట తెలిసే తేడా ఇదే అయి ఉండాలి. ఆ పిట్ట అలవాటూ అదే.

పడుగు బలం, బందరు బట్ట

ఆర్క్‌రైట్ నూలుకు భారతదేశంతో, అందులోనూ తెలుగు తీరంతో సూటి సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఇంగ్లాండులో ఎంత ఆదరణ పొందాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్లు గోలపెట్టి 1700లో, 1721లో వాటికి వ్యతిరేకంగా చట్టాలు చేయించుకున్నారు. ఇంగ్లాండువాళ్లు వాటిలాంటివి తామే నేసుకుందామంటే ఒక చిక్కు. వాళ్ల చేతినూలు పడుగుకు ఆగేది కాదు. మగ్గం మీద బిగించి లాగే పడుగు దారానికి బలం కావాలి, పేకకు అంత అక్కర్లేదు. అందుకని వాళ్లు నార దారంతో పడుగు, పత్తితో పేక పెట్టి కలనేత బట్ట నేసేవారు. వాటర్ ఫ్రేమ్ నూలు గట్టిది, గుండ్రనిది. దానితో ఇంగ్లాండులో మొదటిసారి అచ్చమైన పత్తి బట్ట పెద్దఎత్తున సాధ్యమైంది. ఆర్క్‌రైట్ బృందం కోరిక మీద 1774లో పార్లమెంటు ఇంగ్లాండులో నేసిన అలాంటి బట్టకు అనుమతి ఇచ్చింది.

ఏకై వచ్చి మేకై కూర్చుందన్న సామెత తర్వాతి కథకు అచ్చంగా సరిపోతుంది. 1820ల నుంచి ఇంగ్లీషు మిల్లు నూలు భారతదేశానికి ఎక్కువగా రావడం మొదలైంది. ఆ నూలు చవక, ఒకే తీరుగా ఉంటుంది. కొంతమంది నేతవాళ్లు దానితోనే మగ్గం నిలబెట్టుకున్నారు. కానీ ఇళ్లలో రాట్నం తిప్పి నాలుగు డబ్బులు సంపాదించుకున్న ఆడవాళ్లకు ఆ ఆధారం పోయింది. నేత నష్టం గురించి చరిత్ర పుస్తకాలు చాలా రాశాయి. వడుకు నష్టం దానికంటే ముందు, దానికంటే నిశ్శబ్దంగా జరిగింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి సన్న నూలు వడికే శ్రీకాకుళం జిల్లా పొందూరు లాంటి చోట్ల మాత్రం ఆ విద్య మిగిలింది.

థ్రాసిల్ కూడా శాశ్వతం కాలేదు. వేగం పెంచాలంటే ఫ్లయర్ అడ్డొచ్చింది. తిరిగే వస్తువు మీద బయటికి లాగే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. ఫ్లయర్ చేతులు విచ్చుకుంటాయి, కదురు వణుకుతుంది, దారం తెగుతుంది. 1828లో అమెరికాలో జాన్ థార్ప్ రింగు స్పిన్నింగ్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆ పద్ధతి చివరికి స్థిరపడిన రూపంలో ఫ్లయర్ ఉండదు. బాబిన్ చుట్టూ ఉన్న ఉక్కు రింగు అంచు మీద ట్రావెలర్ అనే చిన్న తీగముక్క, దారం లాగితే పరుగెత్తుతుంది. తిప్పాల్సిన బరువు గ్రాముల్లోకి, ఆపై మిల్లీగ్రాముల్లోకి దిగింది. నాగపూరులో జంషెట్జీ టాటా 1877లో ప్రారంభించిన ఎంప్రెస్ మిల్లు భారతదేశంలో రింగు ఫ్రేములను ముందుగా స్వీకరించిన వాటిలో ఒకటి. ఇప్పుడు దేశంలో ఉన్న 5 కోట్లకు పైగా కదుళ్లలో అత్యధికం రింగు కదుళ్లే. 38 మిల్లీమీటర్ల రింగు, నిమిషానికి 20,000 చుట్లు అనుకుంటే ట్రావెలర్ వేగం సెకనుకు 40 మీటర్లు, అంటే గంటకు 144 కిలోమీటర్లు. చిత్రమేమిటంటే, ఖాదీ కేంద్రాల్లో తిరిగే అంబర్ చరఖా కూడా ఈ వంశంలోదే. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపొందించిన దానిలో సాగదీసే రోలర్లూ, రింగులూ ఉంటాయి.

విన్నవాళ్ల చెవులు

థ్రాసిల్ గదుల్లో పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. నిండిన బాబిన్లు తీసి ఖాళీవి తొడగడం, తెగిన దారం అతకడం చిన్న వేళ్లకు తేలికని యజమానుల లెక్క. బ్రిటన్‌లో 1819 చట్టం పత్తి మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని నిషేధించి, పదహారేళ్లలోపు వారికి రోజుకు 12 గంటల హద్దు పెట్టింది. దాన్ని అమలు చేయించే తనిఖీదారులు వచ్చింది 1833 చట్టంతో. భారతదేశంలో 1881 ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్లు నిండిన పిల్లలను రోజుకు 9 గంటలు పనిచేయనిచ్చింది.

ఆ గంటలు చెవికి ఏం చేస్తాయి? ఒకే స్థాయి గల ధ్వని మూలాలు పది రెట్లయితే మొత్తం ధ్వని 10 డెసిబెళ్లు పెరుగుతుంది. ఒక కదురు చప్పుడు 60 డెసిబెళ్లు అనుకుంటే, దగ్గర దగ్గరగా తిరిగే వంద కదుళ్లు 80, వెయ్యి కదుళ్లు 90. ఒక్క కదురు పక్కన హాయిగా మాట్లాడుకోవచ్చు, వెయ్యి కదుళ్ల మధ్య అరిస్తేగానీ వినబడదు. భారతదేశంలో ఫ్యాక్టరీ నిబంధనలు ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు 90 డెసిబెళ్లే. మగ్గాల షెడ్లు ఇంకా హోరు. అందుకే లాంకషైర్ నేత కార్మికులు పెదవుల కదలిక చూసి మాట్లాడుకునే పద్ధతి ఒకటి తయారుచేసుకున్నారు, దాన్ని మీ-మా అనేవారు.

పెద్ద చప్పుడుకు మొదట దెబ్బతినేది లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు కాక్లియా. మనిషి పుట్టేటప్పుడు ఒక్కో చెవిలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. కాక్లియా మొదట్లో ఉన్నవి హెచ్చు స్వరాలను, చివర ఉన్నవి తక్కువ స్వరాలను పట్టుకుంటాయి. చెవి కాలువ ఆకారమే మూడు వేల ప్రాంతపు కంపనాలను పెంచి లోపలికి పంపుతుంది. దానివల్ల, చప్పుడు ఏదైనా, ఏళ్ల తరబడి విన్నవారిలో వినికిడి ముందు తగ్గేది సెకనుకు మూడు వేల నుంచి ఆరు వేల కంపనాల మధ్య, ముఖ్యంగా నాలుగు వేల దగ్గర. పరీక్ష పటంలో అక్కడ ఒక గుంట కనిపిస్తుంది. మాటల్లో స, శ, చ లాంటి అక్షరాల పదును ఉండేది ఆ భాగంలోనే. అందుకే "వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు" అని వీళ్లు అంటారు. సాంగ్ థ్రష్ పాటలో పెద్ద భాగం ఉండేదీ అక్కడే. పదేళ్లు యంత్రపు థ్రాసిల్ దగ్గర నిలబడిన పిల్ల చెవికి, మిల్లు గోడ అవతల చెట్టు మీది థ్రాసిల్ పాట ముందుగా మసకబారుతుంది. యంత్రపు మూలస్వరమైన ఆ తగ్గు హోరు మాత్రం చివరిదాకా వినబడుతూనే ఉంటుంది.

ఈ నష్టం కొలతల్లోకి ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ 1886లో వంద మంది బాయిలర్ తయారీ కార్మికుల చెవులు పరీక్షించాడు. వారిలో మామూలు వినికిడి ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఇయర్ ప్లగ్గులు, ఏటా వినికిడి పరీక్ష ఇప్పుడు స్పిన్నింగ్ మిల్లులో తప్పనిసరిగా ఉండాల్సినవి. చెవిలో దూది పెట్టుకోవడం పెద్దగా పనిచేయదు. వదులుగా ఉన్న దూది ఆపే ధ్వని చాలా కొద్ది. మిల్లులో అది చేతికందే వస్తువు కనుక అదే చాలనుకోవడం పొరపాటు.

మనిషిలో చనిపోయిన రోమకణం మళ్లీ పుట్టదు. ఎలుక, కోతి, ఏ క్షీరదమైనా ఇంతే. పిట్టల సంగతి అలా కాదు. 1988లో 'సైన్స్' పత్రికలో వచ్చిన రెండు పరిశోధన పత్రాలు, ఒకటి కోడిపిల్లల మీద, ఒకటి కౌజు పిట్టల మీద, పెద్ద చప్పుడుకు చనిపోయిన రోమకణాల స్థానంలో కొత్తవి పుడుతున్నాయని చూపించాయి. రోమకణాల చుట్టూ ఉండే ఆధార కణాలు విభజన చెంది, లేదా తామే రూపు మార్చుకుని రోమకణాలవుతాయి. కొన్ని వారాల్లో పిట్టకు వినికిడి చాలావరకు తిరిగి వస్తుంది. అవే ఆధార కణాలు మనిషి చెవిలోనూ ఉన్నాయి, కానీ ఆ పని చేయవు. పిట్ట కణాల్లో దేనివల్ల ఆ తలుపు తెరుచుకుంటుందో, క్షీరదాల్లో ఏ జన్యువులు దాన్ని మూసి ఉంచుతున్నాయో తేల్చడానికి ప్రయోగశాలల్లో ఇప్పటికీ పని సాగుతోంది.